ఇంప్రూవ్డ్ అని రాసిన రోజు

మా చెల్లెలి కూతురు ప్రశాంతికి స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చి నాలుగు నెలలయింది. మొన్న మధ్యాహ్నం డ్యూటీలోంచి ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, కంప్యూటర్లో పేషెంటు కండిషన్ కొట్టమంటంది. బెటర్ అని ఉన్నాది, ఇంప్రూవ్డ్ అని ఉన్నాది, స్టేబుల్ అని ఉన్నాది. ఏది నొక్కినా ఒకటే గదా, ఏటి నొక్కమంటావ్?"

"ముందు మంచం కాడికెల్లి మనిషిని సూసినావా?" అన్నాను.

"సూసినాను. బాగానే ఉన్నాడు."

"బాగానే అంటే ఏటే? తిన్నాడా? లేసి కూకున్నాడా? ఒంటేలుకెల్లినాడా?"

"అబ్బ, అయ్యన్నీ కొట్టడానికి అందులో గడి నేదు పెద్దమ్మా. నీకు ఫోన్ సెయ్యడమే నాది బుద్ధి తక్కువ," అని పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. ఫోన్ పక్కన పడేసి వంటింట్లోకి వెళ్లాను. కూర తరుగుతూ తరుగుతూ ఉండగా కోపం చల్లారింది. నిజం చెప్పాలంటే ప్రశాంతి కనీసం అడిగింది. నేను ఎవర్నీ అడక్కుండా ఆ గడి నింపినదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను. కొత్తగా తెల్లబట్టలు వేసుకున్న ప్రతి పిల్లా చదవాలని రాస్తున్నాను.

నా పేరు రూతమ్మ. మా నాన్న కొత్తవలసలో రైల్వే గ్యాంగ్‌మన్. మాది బాప్టిస్టు కుటుంబం. చదివింది తెలుగు మీడియం. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరై ఇప్పుడు అరసవల్లిలో ఉంటున్నాను. ఆదివారం సూర్యదేవుడి దర్శనానికెళ్లే ఆటోలను తప్పించుకుంటూ చర్చికి చేరడమే ఇప్పుడు నాకున్న పెద్ద డ్యూటీ. ఏ ఏడు ఎక్కడికి బదిలీ అయ్యాను, ఎప్పుడు హెడ్ నర్సునయ్యాను అన్నవి సర్వీసు రిజిస్టరులో ఉంటాయి. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

రిపోర్టు పుస్తకం

నర్సు పని అంటే సూదులు వెయ్యడం, కట్లు కట్టడం అనుకుంటారు. అవి నాలుగు నెలల్లో చేతికి వచ్చేస్తాయి. అసలు పని చూడడం, చూసింది తర్వాతవాళ్లకు చెప్పడం. మా రోజుల్లో చెప్పడానికి పొడుగాటి పుస్తకం ఒకటి ఉండేది. డ్యూటీ మారేటప్పుడల్లా, డాక్టరు రౌండ్సుకు వచ్చేముందు, ఒక్కో పేషెంటు పేరు ఎదురుగా పరిస్థితి రాయాలి. రాసేది ఇంగ్లీషులో.

శ్రీకాకుళంలో నేను అప్పుడు పనిచేసిన ఆసుపత్రి పేరు రాయను. అక్కడి హెడ్ సిస్టరును కమలా మేడం అందాం. ఆవిడ చెయ్యి మంచిది. పసిపిల్లల నరం ఎవరికీ దొరక్కపోతే ఆవిడకు దొరికేది. ఆ గౌరవం నాకు ఇప్పటికీ ఉంది. కాని ఇంగ్లీషు విషయంలో మనిషిని నిలువునా కోసేది. చేరిన కొత్తలో నేను పదిమంది పేషెంట్లకు వరసగా బెటర్ అని రాశాను. ఆవిడ పుస్తకం ఎత్తి పట్టుకుని అందరి ముందూ చదివింది.

"ఏమ్మా రూతూ, అందరూ బెటరేనా? నీ దగ్గర ఉన్నది ఈ ఒక్క ముక్కేనా? ఆ ఇంగ్లీషు చూసి డాక్టర్లు నవ్వుతున్నారు. ఇంప్రూవ్డ్ అని ఒక మాట ఉంది, ఎప్పుడైనా విన్నావా?"

స్టూడెంటు పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చాను. ఆ రాత్రే మా అన్నయ్య దగ్గరున్న డిక్షనరీ తెచ్చుకుని కూర్చున్నాను. అందువల్ల నాకు ఆ మాటల తేడా తెలియదని ఎవరూ అనుకోకండి. బాగా తెలుసు. బెటర్ అంటే నిన్నటికంటే ఈరోజు నయం, అంతవరకే. నిన్న చావు అంచున ఉన్న మనిషి ఈరోజు రెండడుగులు ఇవతలికి వచ్చినా బెటరే. రిలీవ్డ్ అంటే బాధ తగ్గింది, రోగం సంగతి మాట్లాడడం లేదు. ఇంప్రూవ్డ్ అంటే మన వైద్యానికి గుణం కనిపించింది, మనిషి మంచి దారిన పడ్డాడు అని మనం పూచీ పడుతున్నట్టు. రికవర్డ్ అంటే మునుపటి మనిషి తిరిగొచ్చాడు. క్యూర్డ్ అని రాయడానికి నాకు ముప్పై నాలుగేళ్లలో నాలుగైదుసార్లు కూడా ధైర్యం చాలలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా వార్డులో సిస్టర్ల టేబుల్ ఎదురుగా నాలుగు మంచాలుండేవి. ప్రాణం మీదున్నవాళ్లు అక్కడ. ఆక్సిజన్ అక్కడే, చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచీ అక్కడే, తల ఎత్తితే మా కళ్ల ముందే. కాస్త తేరుకుంటే వెనక హాలుకు మార్చేవాళ్లం. అక్కడ గోడ దాకా మంచాలు, వాటి మధ్య చాపలు, అందరికీ కలిపి ఒక్క సిస్టరు. ఎవర్ని మార్చాలో చెప్పే రూలు ఎక్కడా రాసిలేదు. రౌండ్సుకు వచ్చే డాక్టరు ముందు పుస్తకం చూసేవాడు. బెటర్ అని ఉంటే ఇంకో రోజు ఉంచుదాం అనేవాడు. ఇంప్రూవ్డ్ అని ఉంటే ఆ మంచం ఖాళీ. వార్డుబాయ్‌కి కూడా ఈ లెక్క తెలుసు. ఆ మాట వినగానే స్ట్రెచర్ తేవడానికి వెళ్లిపోయేవాడు.

తవిటయ్య

తవిటయ్య పలాస వైపు మనిషి. ఇరవై ఆరేళ్లు. జీడితోటలకు మందు కొట్టే కూలి. వరికి కొట్టినట్టు కాదు జీడికి కొట్టడం. పూత కొమ్మల చివర ఉంటుంది కాబట్టి గొట్టం పైకెత్తి కొట్టాలి. కొట్టిన మందంతా చినుకులై కొట్టినవాడి నెత్తినే పడుతుంది. దానికి తోడు వీపున ఉన్న డబ్బా కారుతోందట. ఎండకు ఉక్కపోసి చొక్కా విప్పేశాడు. పొద్దుటి నుంచి ఆ తడిలోనే పనిచేసి మధ్యాహ్నానికి చెట్టు కింద కూలబడ్డాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి నోట్లోంచి నురగ, కంటిపాపలు ఆవగింజలంత, ఒళ్లంతా కండలు అదురుతున్నాయి.

వెంట పెళ్లాం పారమ్మ వచ్చింది. చిన్నపిల్ల, బక్కపలచన. చేతిలో అతని చొక్కా పట్టుకుని ఉంది. దానికీ మందు అంటుకుందని లాగేసుకుంటే, "నా మొగుడి సొక్కా, ఇచ్చీండి," అని నాతో దెబ్బలాడింది.

బట్టలు కత్తిరించి, సబ్బుతో రెండుసార్లు ఒళ్లు కడిగి, జుట్టు తీసేసి, డాక్టరు చెప్పినట్టు సూది తర్వాత సూది వేస్తూ పోయాను. మర్నాటికి చొంగ ఆగింది. రొమ్ములో గురగుర పోయింది. సాయంత్రం కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"సిస్టరమ్మా, నా ఒంట్లో ఇంక సోటు నేదు. మిగిలిన సూదులు నా పెళ్లానికెయ్యండి," అన్నాడు.

పారమ్మ నవ్వుతూ ఏడ్చింది. "సూసినారా సిస్టరమ్మా! మనిసింకా లేవనేదు గానీ నోరు బేగి లేసిపోనాది ఈడికి!"

నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ మనిషిని నా చేతులతో వెనక్కి లాగాను అనుకున్నాను. ఆ గర్వం కూడా తప్పులో భాగమే కనుక దాన్ని దాచను.

మూడో రోజు పొద్దున్న డ్యూటీకి వచ్చి అతని మంచం దగ్గరకే ముందు వెళ్లాను. నాడి బాగుంది. రొమ్ము శుభ్రంగా ఉంది. పారమ్మ గంజి గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగాను.

"నిన్నటి మీద నయమేనమ్మా. గానీ తలకాయ ఎత్తనేకపోతన్నాడు. నాను మెడ కింద సెయ్యెట్టి లేపితేగానీ గుక్క దిగతం నేదు. మాట కూడా ముక్కుతో మాటాడినట్టు వస్తంది. ఏటమ్మా ఇది?"

"రెండు రోజుల్నుంచి తిండి లేదు కదా, నీరసం. గంజి పట్టించు, అదే వస్తుంది," అన్నాను.

తలగడ మీంచి తల ఎత్తమని అతన్ని ఒక్కసారి అడిగి ఉంటే చాలు. అది అర నిమిషం పని.

టేబుల్ దగ్గరకు వచ్చి పుస్తకం తెరిచాను. బెటర్ అని రాయడానికే పెన్ను పెట్టాను. పారమ్మ చెప్పింది కూడా అదే మాట, నిన్నటి మీద నయం. కమలా మేడం నా వెనక నిలబడి భుజం మీంచి పుస్తకంలోకి చూస్తోంది. వరండాలో మూర్ఛలతో వచ్చిన గర్భిణి స్ట్రెచర్ మీద ఉంది, ఆమెకు మంచం కావాలి. నేను ఇంప్రూవ్డ్ అని రాశాను. గుండ్రటి అక్షరాలతో, కింద గీత కూడా గీశాను. తల సంగతి రాయలేదు. దానికి సరిపోయే ఇంగ్లీషు ముక్క వెంటనే తట్టలేదు, తప్పు రాస్తే మళ్లీ అందరి ముందూ చదువుతుందని భయం. ఇదీ కారణం. ఇంతకంటే మర్యాదగల కారణం ఏదైనా దొరుకుతుందేమోనని చాలా ఏళ్లు వెతికాను. లేదు.

డాక్టరు చూడలేదా అని మీరడగొచ్చు. చూశాడు. స్టెతస్కోపు పెట్టాడు, కళ్లు చూశాడు, పుస్తకం చూశాడు. "వెరీ గుడ్ సిస్టర్," అన్నాడు. తల ఎత్తమని ఆయనా అడగలేదు. అడగాలన్న అనుమానం పుట్టడానికి నా పుస్తకంలో ఏదో ఒకటి ఉండాలి. కమలా మేడం నా భుజం తట్టింది. తవిటయ్యను వెనక హాలుకు మార్చారు.

వెనక హాలు

ఒంటిగంట దాటాక పారమ్మ పరుగెత్తుకొచ్చింది. వెనక హాలు సిస్టరు దగ్గరకు కాదు, నా దగ్గరకే.

"సిస్టరమ్మా, బేగి రండి. మాటాడతం నేదు. పొట్ట ఎగరతం నేదమ్మా!"

వెళ్లేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. రొమ్ము కదలడం లేదు. రెప్పలు సగం వాలిపోయి ఉన్నాయి, వాటి కింద నుంచి కళ్లు నన్ను చూస్తున్నాయి. తెలివి ఉంది. ఒంట్లో ఏ కండా మాట వినడం లేదు గాని మనిషికి అంతా తెలుస్తోంది. ఊపిరి సంచీ ముందు వార్డులో ఉంది. దాన్ని తెచ్చేలోగా నా నోటితో ఊదాను. డాక్టరు వచ్చి గొంతులో గొట్టం వేశాడు. నేను సంచీ నొక్కుతూనే ఉన్నాను, వేళ్లు తిమ్మిరెక్కేదాకా నొక్కాను. గుండె ఆగిపోయింది. మూడు గంటలు కాకముందే అయిపోయింది.

పారమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని అతని చెయ్యి లోపలికి మడిచి పెట్టడానికి చూస్తోంది. అది మళ్లీ మళ్లీ జారిపోతోంది.

సాయంత్రం టీ దగ్గర డాక్టరు నన్ను పిలిచాడు. కుర్రవాడే, ఆయన ముఖం కూడా పాలిపోయి ఉంది. "ఈ పురుగుమందుల విషంలో మధ్యలో ఒక దశ ఉంటుంది సిస్టర్. మొదటి దెబ్బ తగ్గి మనిషి లేచాడనుకుంటాం. రెండో రోజో మూడో రోజో ముందు మెడ పడిపోతుంది, తర్వాత ఊపిరి పడిపోతుంది. మెడ దగ్గరే పట్టుకుంటే మిషన్ మీద పెట్టి కొన్నాళ్లు ఊపిరి అందిస్తే చాలు, వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. ముందు మంచంలోనే ఉండి ఉంటే విశాఖ పంపేవాణ్ని. తల ఎత్తలేకపోతున్నాడని మీకెవరైనా చెప్పారా?"

"లేదు సార్," అన్నాను.

అంత చిన్న మాట. తడబడకుండా వచ్చింది.

తర్వాత నేను మార్చుకున్నవి

ఎవరూ విచారణ చెయ్యలేదు. పేషెంటు విషంతో వచ్చాడు, విషంతో పోయాడు, కాగితం మీద వంకపెట్టడానికి ఏమీ లేదు. కమలా మేడం రెండు రోజులు ముభావంగా ఉండి మూడో రోజు మామూలైపోయింది. నేను మాత్రం ఇంప్రూవ్డ్ అన్న మాటను మళ్లీ ఎప్పుడూ మొదట రాయలేదు.

వార్డులో జనం ఎలా మాట్లాడతారో విన్నారా? ఇంప్రూవ్ అయ్యాడని ఒక్కరూ అనరు. "జొరం దిగినాదమ్మా" అంటారు. "అన్నం సయిస్తంది" అంటారు. "కాలు నేల మీద ఆనుతంది," "రాతిరి కునుకు పట్టినాది" అంటారు. వాళ్ల మాటలో కాలో చెయ్యో కడుపో ఏదో ఒకటి ఉంటుంది. మన మాటలో ఏమీ ఉండదు. కాబట్టి నేను ముందు వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. దాని కింద నేను చూసింది. తల ఎత్తమన్నాను, ఎత్తాడు. చెయ్యి నొక్కమన్నాను, గట్టిగా నొక్కలేదు. ఇలా. ఆ తర్వాతే, చోటుంటే, బెటరో ఇంకోటో.

కమలా మేడం మండిపడింది. "ఇది రిపోర్టా, ఊళ్లో కబుర్లా? తెలుగులో రాస్తావా పుస్తకంలో? పెద్దవాళ్లు చూస్తే నా ముఖం మీద కొడతారు."

"కొట్టనీండి మేడం. నా పేరు చెప్పండి," అన్నాను.

ఆవిడ రిటైరయ్యేదాకా మా మధ్య సరిగ్గా మాటల్లేవు. నన్ను మూడుసార్లు నైట్ డ్యూటీలకు వరసగా వేసింది. వేస్తే వేసింది. ఇలా రాయడం వల్ల ఎంతమంది బతికారో నాకు తెలియదు. కొందరు బతికి ఉంటారు. అలా రాసినా పోయినవాళ్లున్నారు. ఒక మామ్మ విషయంలో నేను పేజీ నిండా రాస్తే డాక్టరు చదవకుండానే సంతకం పెట్టి వెళ్లిపోయాడు, మామ్మ మర్నాడు పోయింది. ఆ డాక్టరు దగ్గరకు వెళ్లి ముఖం మీదే అడిగాను. టైము లేదన్నాడు. మీకూ టైము లేదంటారు. మంచం ఖాళీ చెయ్యమంటారు, గడి నింపమంటారు, ఇంగ్లీషు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి, సిగ్గుపడి చావకండి.

నేను పెద్ద ధైర్యవంతురాలిలా రాస్తున్నాను గాని ఇదంతా పారమ్మ మళ్లీ వచ్చిన తర్వాతి మాట. ఆ రోజు సంగతి రాయకుండా ముగిద్దామనే అనుకున్నాను.

పారమ్మ

తవిటయ్య పోయిన మూడు వారాలకు పారమ్మ ఆసుపత్రి కాగితం కోసం వచ్చింది. కాగితం తీసుకున్నాక ఆఫీసు నుంచి నేరుగా వార్డుకు వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సిస్టరమ్మా, నాకు సదువు రాదు. ఆ రోజు పొద్దున్న మీరు ఆడి గురించి పుస్తకంలో రాసినారు గదా, అది సూసే మంచం మార్సినారని మా ఊరి నర్సమ్మ సెప్పినాది. ఏటి రాసినారో ఓపాలి సదివి సెప్పండమ్మా."

చదవకుండా తప్పించుకోవచ్చు. పాత పుస్తకాలు స్టోరులో ఉన్నాయి అనొచ్చు. ఆ పుస్తకం నా చేతి కిందే ఉంది. పేజీ తిప్పి, ఆమె వైపు చూడకుండా తెలుగులో చెప్పాను.

"వైద్యానికి గుణం కనిపించింది, మనిషి మెరుగయ్యాడు అని రాశాను."

"తలకాయ ఎత్తనేకపోతన్నాడని నాను సెప్పినాను గదమ్మా. అదెక్కడ రాసినారు?"

"రాయలేదు పారమ్మా."

ఆమె నా వేలు ఉన్న చోటును చూసింది. ఆ ఒక్క మాటనూ, దాని కింద నేను గీసిన గీతనూ చాలాసేపు చూసింది. డాక్టరుతో అబద్ధం చెప్పిన సంగతి కూడా చెప్పేశాను. వెంటనే వెళ్లి ఆయనతో నిజం చెప్తానని, తప్పు నాదేనని, ఇంకా ఏమేమిటో అన్నాను. ఆమె కోపం కూడా పడలేదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"మరి ఎలగున్నాడని నన్నెందుకు అడిగినారమ్మా?"

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, పలాస బస్సు ఎల్లిపోతాదని వెళ్లిపోయింది.